షికాగోలో మా నాన్న మెచ్చిన బిల్డింగు

నాన్న తాపీ మేస్త్రీ. తెనాలి చుట్టుపక్కల నలభై ఏళ్లు గోడలు కట్టాడు. అన్నిటికన్నా ఎత్తుగా కట్టింది ఒక మూడంతస్తుల కల్యాణ మండపం. అలాంటి మనిషిని షికాగో డౌన్‌టౌన్‌లో నిలబెడితే ఏమంటాడో చూడాలని, వీసా వచ్చిన రోజు నుంచీ నాకు ఒకటే ఉబలాటం. సెప్టెంబరు మొదటి వారంలో కుదిరింది. అమ్మ, నాన్న, నేను. రెండు పగళ్లు, ఒక రాత్రి.

మేముండేది షికాగో శివారు నేపర్‌విల్. కారు తీయలేదు. డౌన్‌టౌన్‌లో పార్కింగుకి పెట్టే డబ్బుతో ముగ్గురం రైల్లో రెండుసార్లు వెళ్లి రావచ్చు. పైగా లోయర్ వాకర్ డ్రైవ్ అని రోడ్డు కింద ఇంకో రోడ్డుంటుంది. అందులోకి దిగితే ఫోనులో మ్యాపు చేతులెత్తేస్తుంది, నేను ఒకసారి మూడు రౌండ్లు కొట్టాను. శివార్ల నుంచి నడిచే మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్లో దిగితే విల్లిస్ టవర్ నది దాటగానే, ఐదు నిమిషాల నడక. ఇండియా నుంచి నేరుగా ఓహేర్ ఎయిర్‌పోర్టులో దిగేవాళ్లకు బ్లూ లైన్ రైలుంది, రాత్రంతా నడుస్తుంది.

హోటల్ సంగతి మాత్రం నా తప్పే. డౌన్‌టౌన్ నడిబొడ్డున, లూప్ అనే చోట, రేటు తక్కువ కనబడిందని ఆత్రపడ్డాను. దిగాక సౌకర్యాల ఫీజన్నారు, పైన పదిహేడు శాతం దాటిన పన్ను. చివరికి బిల్లు నేను అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లయింది. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు ఏసీ మిషన్లు. గది కింద నుంచే, వీధి మీద స్తంభాలపై నడిచే ఎల్ రైలు. అర్ధరాత్రి దాటాక కూడా మంచం సన్నగా వణికింది. "రేపల్లె ప్యాసింజర్లో పడుకున్నట్టుందిరా" అంది అమ్మ. బుక్ చేసే ముందు పట్టాలు ఏ వీధి మీదుగా పోతున్నాయో మ్యాపులో చూసుకోండి. నన్నడిగితే, శివార్లలో చుట్టాలున్నవాళ్లకు రాత్రి బస అసలు అనవసరం.

మొదట విల్లిస్ టవరే ఎక్కాం. పాతవాళ్లింకా సియర్స్ టవర్ అనే అంటారు, పేరు మారింది 2009లో. 110 అంతస్తులు, 442 మీటర్లు. 1998లో కౌలాలంపూర్ జంట టవర్లు వచ్చేదాకా ప్రపంచంలో దీనిదే పైచేయి. లిఫ్టు నిమిషంలో 103వ అంతస్తుకి తీసుకెళ్లింది, చెవులు దిబ్బడేశాయి. గోడ బయటికి నాలుగడుగుల చిల్లర పొడుచుకొచ్చిన గాజు పెట్టెలో నిలబడడానికి జనం వరస కట్టారు. టైము పెట్టి టికెట్టు కొన్నా లైను తప్పలేదు. పెట్టెలో మాకు దొరికింది నిమిషం పైచిలుకు. అమ్మ రానంటే రానంది. నాన్న లోపలికి వెళ్లి, అందరిలా కిందికి చూడకుండా, గాజు పైన ఉక్కుకి ఎక్కడ పట్టుకుందా అని తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. నేను తీసిన ఫొటోలో ఆయన గడ్డం మాత్రమే వచ్చింది.

ఇది నిలబెట్టిన ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లూర్ రహమాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాలను పక్కపక్కన చేర్చి కట్టినట్టు లెక్క వేశాడు. రెండు 50వ అంతస్తు దగ్గర ఆగిపోతాయి, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర, చివరి రెండే పైదాకా వెళ్తాయి. అందుకే దూరం నుంచి మెట్లు మెట్లుగా కనబడుతుంది. చెబితే నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు: "చీపురు పుల్ల విరుగుద్ది, చీపురు కట్ట విరగదు."

టికెట్టు పెట్టి ఒక్కటే ఎక్కాలంటే నేను జాన్ హాన్‌కాక్ వైపే మొగ్గుతాను. పోయినసారి స్నేహితులతో ఎక్కాను. 1969 నాటిది, ఒంటి మీద ఇంటూ గుర్తులేసుకున్న నల్లటి బిల్డింగు, అదీ ఖాన్ చేతి పనే. 94వ అంతస్తు నుంచి ఒక పక్క సరస్సు, ఇంకో పక్క విల్లిస్‌తో సహా ఊరంతా కనబడుతుంది. విల్లిస్ ఎక్కితే విల్లిస్ కనబడదు గదా.

డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది మాత్రం పడవలో. మిషిగన్ అవెన్యూ వంతెన కింద నుంచి ఆర్కిటెక్చర్ సెంటర్ వాళ్ల పడవ బయల్దేరుతుంది. గంటన్నర. చెప్పేవాళ్లు జీతానికి కాదు, ఇష్టంతో వచ్చిన వాలంటీర్లు. మాకొచ్చిన పెద్దావిడ మైకు పట్టుకున్నది మొదలు ఆపలేదు. నేను సగం తెలుగు చేసి చెబుతుంటే ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు. ఎండకి టోపీ, సాయంత్రమైతే శాలువా తప్పవు.

నది ఒడ్డున మెరీనా సిటీ, మొక్కజొన్న కంకుల్లాంటి రెండు టవర్లు. అరవైల్లో కట్టారు. కింద 19 అంతస్తులూ కార్లే, చుట్టలు చుట్టుకుంటూ ఎక్కే దారి. అంచుల్లో కార్ల వెనక భాగాలు నది మీదికి చూస్తుంటాయి. అమ్మకి ఆ రోజు నచ్చింది అదొక్కటే, భయంతో పాటు. మలుపు తిరిగాక సెయింట్ రీజిస్, జీన్ గ్యాంగ్ అనే ఆవిడ డిజైను. ఒక స్త్రీ గీసిన బిల్డింగుల్లో ఇంత ఎత్తయింది లేదు, 363 మీటర్లు. పైన 83వ అంతస్తు ఖాళీ, గాలి దూరిపోవడానికి వదిలేశారు. "ఫ్లెక్సీకి చిల్లులు కోసినట్టా?" అన్నాడు నాన్న. అచ్చం అదే. నేనైతే ఆ పోలిక ఇంకో పదేళ్లకైనా తట్టి ఉండేవాణ్ణి కాదు.

రెండో రోజు పొద్దున ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. అమ్మ సింహాల బొమ్మల దగ్గర దణ్ణం పెట్టుకుంది, ఫొటో దిగింది. నేను అక్కడే మధ్యాహ్నం దాకా గడుపుదామనుకున్నాను. నాన్నకి కాళ్లు లాగుతున్నాయంటే, దగ్గర్లో ఒక ఇటుక బిల్డింగుంది, చూసేసి రైలెక్కుదామన్నాను.

జాక్సన్, డియర్‌బోర్న్ వీధుల మూల మీద మొనాడ్‌నాక్. 16 అంతస్తులు. గోధుమరంగు ఇటుక, నగిషీ లేదు, తోరణం లేదు. పక్కనున్న గాజు టవర్ల ముందు ఎవరూ దాన్ని చూడరు. నాన్న రోడ్డు మధ్యలోనే ఆగిపోతే చెయ్యి పట్టి లాగాల్సి వచ్చింది. ఉత్తరం సగం 1891లో పూర్తయింది. బయటి గోడే బరువు మోయాలి. అందుకని అడుగున గోడ మందం ఆరడుగులు. మనం తొమ్మిదంగుళాల గోడ కడితే బలంగా కట్టామంటాం.

నాన్న కిటికీ సందులో చెయ్యి పెట్టి మూరతో కొలవడం మొదలెట్టాడు. మూలల్లో ఇటుకలు గుండ్రంగా తిరుగుతాయి. చెక్కినవి కావు, అచ్చులు పోయించి కాల్చినవి. బొటనవేలి గోరు జాయింటులో పెట్టి పైకి లాగాడు. "పాయింటింగు చూడరా. దారం పట్టి గీసినట్టుంది."

దక్షిణం సగం 1893 నాటికి వచ్చింది, దానికి ఉక్కు ఫ్రేము. ఊరు 1871లో తగలబడ్డాక నేల ధర పెరిగి, పైకి కట్టక తప్పని రోజులు. 1885లో హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగు పదంతస్తులకి ఇనుప చట్రం వాడి దారి చూపింది. దాన్ని 1931లో కూల్చేశారు, చూద్దామన్నా లేదు. మొనాడ్‌నాక్‌లో మాత్రం పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. రెంటి మధ్యకీ వెళ్లి నాన్న రెండు చేతులూ చాపాడు. "ఇటు పక్క గోడ. అటు పక్కది తడికే. మేస్త్రీ పని ఇక్కడితో అయిపోయింది."

అంత బరువుకి కింద బంకమట్టిలో బిల్డింగు ఇరవై అంగుళాల దాకా దిగిపోయింది, అందుకే వీధిలోంచి లోపలికి మెట్టు దిగి వెళ్లాలి. "మన నల్లరేగడి లాంటిదేనన్నమాట" అంటూ ఆ మెట్టు మూడుసార్లు ఎక్కి దిగాడు. కాళ్ల నొప్పి ఊసు లేదు. టికెట్టు లేదు, లైను లేదు. ఆఫీసులుండే బిల్డింగు కాబట్టి పనిదినాల్లో వెళ్లండి. ఓపికుంటే దగ్గర్లోనే రూకరీ బిల్డింగు, 1888 నాటిది, గాజు కప్పు హాలు కళ్లు చెదిరేలా ఉంటుంది.

డీప్ డిష్ పిజ్జా తిన్నాం. అమ్మ డబ్బాలో తెచ్చిన పులిహోరే ముందు అయిపోయింది.

చీకటిపడే వేళకి బస్సెక్కి ఆడ్లర్ ప్లానెటేరియం దాకా వెళ్లాం. నీళ్ల మీదుగా మొత్తం ఊరు ఒక్క వరసలో కనబడేది ఆ గట్టు మీద నుంచే, పైసా ఖర్చులేదు. గాలి మాత్రం చెవులు కోసేస్తుంది.

తిరుగు రైల్లో నాన్న తెనాలికి ఫోను కలిపాడు, అక్కడ పొద్దున్నే. తనతో పనిచేసిన ఇంకో మేస్త్రీకి. "నూటపదంతస్తులదా? ఎక్కాంలే. అది గాదురా నేను చెప్పేది. గోడ ఆరడుగులు. ఆ, ఆరడుగులే, ఎత్తు గాదు, మందం..." నేపర్‌విల్ వచ్చేదాకా ఆ ఫోను ఆగలేదు.