పక్కిల్లు కౌన్సిల్‌దైతే ఈ ప్యాకేజీ బిల్డర్‌తో జాగ్రత్త

లండన్‌లో టెర్రస్ ఇళ్ళు (గోడలు కలిసి వరసగా ఉండేవి) కొనుక్కుని ఎక్స్‌టెన్షన్ వేయిద్దాం అనుకుంటున్న మనవాళ్ళంతా దయచేసి ఇది చదవండి. ప్లానింగ్ దగ్గర్నుంచి పార్టీ వాల్ (పక్కింటితో కలిసిన గోడ సంగతి) దాకా అంతా మేమే చూసుకుంటాం అని ఒకటే రేటు చెప్పే బిల్డర్, మన వాట్సాప్ గ్రూపుల్లో నంబర్ తిరుగుతోంది కదా, ఆయన గురించే రాస్తున్నా.

మాది వెనక వైపు కిచెన్ ఎక్స్‌టెన్షన్. పునాది పక్కింటికి 3 మీటర్ల లోపే, పైగా వాళ్ళ పునాది కంటే లోతుగా తవ్వాలి, అంటే 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం పక్కింటి ఓనర్‌కి నెల ముందే నోటీసు ఇవ్వాలి. ఇచ్చాం, సంతకం కూడా వచ్చేసింది అని బిల్డర్ కాగితం చూపించాడు. ఆ సంతకం పక్కింట్లో ఉండే పెద్దావిడది. 'ఓనర్' అని అచ్చేసిన చోట నీలం పెన్నుతో, చెయ్యి వణికినట్టు తెలిసిపోతోంది. ఆవిడ కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) టెనెంట్ అండీ, వారం వారం అద్దె కట్టుకుని ఉంటోంది. ఆ చట్టం లెక్కలో ఆవిడ ఓనరే కాదు, ఓనర్ కౌన్సిల్, ఆవిడ సంతకం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. ఏళ్ళ తరబడి ఇదే పని చేసేవాడికి ఇది తెలీదంటే నేను నమ్మను. పని జరుగుతుందని మీకు చెప్పినట్టు ఒక సంతకం, అంతే అన్నాడట ఆవిడతో. ఇప్పుడు ఆవిడ నన్ను ఇల్లు ఖాళీ చేయిస్తారా అని మా ఆవిడ దగ్గర ఏడుస్తోంది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఇది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోతోంది.

గొయ్యి సగం తవ్వాక కౌన్సిల్ నుంచి ఉత్తరం, పని వెంటనే ఆపండి, లేదంటే కోర్టుకెళ్ళి ఇంజంక్షన్ తెస్తాం అని. వెంటనే బిల్డర్‌కి ఫోన్ చేశా. "నోటీసు వెయ్యడం వరకే మా ప్యాకేజీ, పక్కిల్లు ఎవరిదో చూసుకోవాల్సింది మీరే, ముందు రెండో పేమెంట్ పంపండి" అన్నాడు. అంతా మేమే చూసుకుంటాం అన్న నోటితోనే! నేను మాట్లాడుతుండగానే పెట్టేశాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. గొయ్యిలో వాన నీళ్ళు నిండి మట్టి మా వైపూ వాళ్ళ వైపూ జారుతోంది.

ఇప్పుడు మిగతా పనికి కౌన్సిల్ పేరు మీద మళ్ళీ మొదటి నుంచి నోటీసు. మా కౌన్సిల్ ఒప్పుకుంటున్నాం అని రాసివ్వదు, వాళ్ళ సర్వేయర్‌ని (ఇలాంటి వివాదం తేల్చే మనిషి) వాళ్ళే పెట్టుకుంటారు, ఆయన ఫీజు గంటల లెక్కన, ఆ బిల్లు మామూలుగా పని చేయించుకునేవాళ్ళే కట్టాలి. అంతకుముందు కౌన్సిల్‌లోనే హౌసింగ్ వాళ్ళు ప్రాపర్టీ వాళ్ళని అడగమంటారు, వాళ్ళేమో లీగల్ అంటారు. ఇంకో మాట కూడా చెప్పాడు ఆ బిల్డర్, 14 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని. పచ్చి అబద్ధం. ఇలాంటి నోటీసులకి జవాబు రాకపోతే వివాదం వచ్చినట్టే లెక్క, సర్వేయర్లు దిగాల్సిందే. అప్పటికీ కౌన్సిల్ సర్వేయర్‌ని పెట్టకపోతే, పెట్టమని రాసిచ్చిన 10 రోజుల తర్వాత వాళ్ళ తరఫున మనమే ఒకర్ని పెట్టొచ్చు, ఈ దారి ఉందని కూడా ఆయన చెప్పలేదు. అసలు నోటీసే ఇవ్వకుండా కట్టేస్తే తర్వాత ఆ చట్టం కింద సర్దుకోవడం కుదరదని 2023లో కోర్ట్ ఆఫ్ అపీల్ కూడా చెప్పింది, ఇక మిగిలేది మామూలు కోర్టు కేసే.

పక్కిల్లు ఎవరిదో గవర్నమెంట్ ల్యాండ్ రిజిస్ట్రీ సైట్‌లో 7 పౌండ్లకి తెలుస్తుంది, అదే కాగితానికి ఎక్కువ గుంజే ప్రైవేటు సైట్లున్నాయి, వాటి జోలికి పోకండి. పక్కన కౌన్సిల్ ఫ్లాట్ ఉండి ఎవరైనా రైట్ టు బై (అద్దెకున్న కౌన్సిల్ ఇంటినే కొనుక్కునే స్కీమ్) కింద కొనుక్కుని ఉంటే వాళ్ళకీ కౌన్సిల్‌కీ ఇద్దరికీ నోటీసు వెళ్ళాలి. ఇప్పటికే ఈయనకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు ఉంటే, నోటీసు ఎవరి పేరు మీద వేశాడో ఆ కాపీ ఇవాళే అడిగి తీసుకోండి, అది చేతికొచ్చేదాకా పార పట్టనివ్వకండి.