చిన్న తోటల ఎల్‌బీవీ పోర్ట్: పెద్ద పేర్లకు అవతల

హైదరాబాద్‌లో పోర్ట్ వైన్ అనగానే చాలామందికి గోవా తీపి వైనే గుర్తుకు వస్తుంది గనుక, పోర్చుగల్‌లోని డౌరో లోయ నుంచి వచ్చే లేట్ బాటిల్డ్ వింటేజ్ (ఎల్‌బీవీ) పోర్ట్ గురించి కొంత చెప్పవలసి ఉంది. ఒకే ఏడాది పంట నుంచి తీసిన ఈ వైన్‌ను కోత జరిగిన నాలుగు నుంచి ఆరేళ్లకు సీసాల్లో నింపుతారు. పులియడాన్ని మధ్యలోనే ద్రాక్ష సారాయి కలిపి ఆపుతారు కాబట్టి తీపి మిగులుతుంది, ఆల్కహాల్ సుమారు 20 శాతం ఉంటుంది.

పోర్ట్ ఎగుమతి పోర్చుగల్‌లోని విలా నోవా డి గాయా పట్టణం నుంచే జరగాలన్న నిబంధన 1986లో తొలగిన తరువాతే, చిన్న తోటల యజమానులు తమ వైన్‌ను నేరుగా విదేశాలకు పంపగలిగారు. విదేశాల నుంచి వచ్చిన మిత్రుల పుణ్యమా అని వాటిలో రెండింటిని రుచి చూశాను. కింటా దు క్రాస్తు తోట వారిది వడపోయని వైన్. నేరేడు పండును తలపించే వగరు, నిండుదనం ఉన్నాయి. కింటా దు ఇన్‌ఫాంతాదు తోట వారిది తీపి తగ్గించిన ధోరణి, నా ఓటు దానికే.

వడపోయని సీసాను ఒక రోజు నిలబెట్టి, మడ్డి కదలకుండా వేరే పాత్రలోకి వంచుకోవాలి. మన వేసవిలో గది వేడి మీద తాగితే ఘాటు తప్ప మరేమీ తెలియదు. 16 డిగ్రీలకు చల్లబరచాలి. ఖుబానీ కా మీఠాతో మాత్రం వద్దు, తీపి మీద తీపి మొహం మొత్తుతుంది. డార్క్ చాక్లెట్, బ్లూ చీజ్ చక్కగా కుదురుతాయి. తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో ఉంచి వారంలోగా ముగించడం మేలు.