కొండవాలు మీద సముదాయ భవనం: ఏడు వానాకాలాలు వాడాక

విశాఖలో అరిలోవ వైపు, తూర్పుకి దిగే కొండవాలు మీద ఉన్న భవనం ఇది. కింది రోడ్డు మట్టంలో ఆరు దుకాణాలు, మధ్య అంతస్తులో క్లినిక్కూ చదువుల గదీ, పైన పెళ్లిళ్లకీ మీటింగులకీ హాలు. ఏడు వానాకాలాలుగా దీని నిర్వహణ, రిపేర్లు మా కమిటీ చేతుల మీదుగానే జరుగుతున్నాయి. ఐదుకి మూడున్నర ఇస్తాం. తగ్గిన ఒకటిన్నరలో ఒకటి నీళ్ల ఖాతా, అర మధ్య అంతస్తు ఖాతా.

స్థలం లోతు 24 మీటర్లు, ఆ లోతులో దిగుడు 6 మీటర్లు, అంటే నాలుగుకి ఒకటి వాలు. కొండని అడ్డంగా కోసి చదును చేయకుండా మెట్లు మెట్లుగా కట్టారు. కింది రోడ్డు సున్నా అనుకుంటే మధ్య అంతస్తు 3 మీటర్ల మీద, హాలు 6 మీటర్ల మీద. హాలు గుమ్మం సరిగ్గా పై వీధి మట్టానికి వచ్చింది. డిజైన్ మొత్తంలో తెలివైన పని ఇదే. వంట సామాను, కుర్చీలు, గ్యాస్ బండలు పై వీధిలో దించి నేరుగా లోపలికి తోసుకుపోతారు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకి ఎవరి సాయమూ అక్కర్లేదు. కింద దుకాణాలకీ అంతే.

మధ్య అంతస్తుకి మాత్రం ఏ వీధీ తగల్లేదు. ర్యాంపు వేద్దామంటే 12కి 1 చొప్పున 3 మీటర్లు ఎక్కడానికి 36 మీటర్ల పొడవు కావాలి, మధ్యలో ఆగే చదునులు కలిపితే 40 దాటుతుంది. అంత చోటు లేదు. లిఫ్టు గొయ్యి కట్టి, లిఫ్టు తర్వాత పెట్టుకోవచ్చన్నారు. ఆ గొయ్యిలో ఇప్పుడు చీపుర్లూ విరిగిన కుర్చీలూ ఉన్నాయి. ఫలితం: మోకాళ్ల నొప్పులని వచ్చే మనిషి 20 మెట్లెక్కితే గానీ డాక్టరు కనపడడు. లిఫ్టుకి డబ్బు లేనప్పుడు ఆ అంతస్తుకి గోడౌనో, టైలరింగ్ షెడ్డో, చదువుల గదో వెళ్లాలి. ఒక దుకాణం అద్దె వదులుకునైనా క్లినిక్కు రోడ్డు మీదికి రావాలి.

ఇక నీళ్లు. బయట ‘గ్రీన్ బిల్డింగ్’ అని బోర్డుంది, సోలారూ ఉంది. కానీ ఈ భవనం ఆయుష్షు తేల్చేది వెనక కాలువే.

ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ అనే రాయి. లోపలి తాజా రాయి గట్టిదే. పైన శిథిలమైన పొర మాత్రం ఎర్రగా, వేళ్లతో నలిపితే పొడయ్యేలా ఉంటుంది. రాయి పొరలు బయటివైపు వాలి ఉంటే తడిసినప్పుడు జారతాయి కూడా. పునాది గొయ్యి తవ్వి ఒక్క వానకి వదిలేసినా అడుగు బురదవుతుంది. తవ్విన రోజే అడుగున పలచటి బెడ్డు కాంక్రీటు పడాలి. ఈ భవనం పునాదులన్నీ మెట్లుగా దిగి రాతి మీదే కూర్చున్నాయి. స్తంభాల్లో, దూలాల్లో ఇప్పటిదాకా పగులు లేదు.

దుకాణాల వెనక గోడే కొండ మట్టిని ఆపే 3 మీటర్ల రిటైనింగ్ వాల్. పొరపాటు అక్కడే జరిగింది. ఎండిన మట్టి అంత ఎత్తు గోడని మీటరు పొడవుకి సుమారు 2.7 టన్నుల బలంతో నెడుతుంది. వెనక నీళ్లు నిలిచి మట్టి నానిపోతే అదే 6 టన్నుల దగ్గరికి పోతుంది. అందుకే గోడ వెనక అడుగు మందాన కంకర, దానికీ మట్టికీ మధ్య వడపోత గుడ్డ, అడుగున చిల్లుల పైపు ఉండాలి. కాంట్రాక్టరు తవ్విన ఎర్రమట్టినే తిరిగి నింపేశాడు. పోనీ నీళ్లు బయటికి కారే బెజ్జాలు (వీప్ హోల్స్) పెడదామా అంటే గోడకి ఇవతల ఉన్నది దుకాణం, ఆ నీళ్లు దాన్లోకే వస్తాయి.

బియ్యం కొట్టులో చూడండి. వెనక గోడకి మోకాలెత్తున తెల్లటి ఉప్పు గీత ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది. బస్తాలు గోడకి జానెడు దూరంలో, చెక్క పలకల మీద ఉంటాయి. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండుసార్లు వేశారు, రెండుసార్లూ పొక్కులొచ్చి ఊడింది. అవతలి నుంచి నీళ్లు నెడుతుంటే ఇవతల పూసింది నిలవదు. ఆ డబ్బు దండగ.

పైన మధ్య అంతస్తు ఉంది కాబట్టి వెనక తవ్వే వీల్లేదు. చివరికి పని చేసింది ఇది. నేలకి అడుగు ఎత్తున, మీటరున్నరకి ఒకటి చొప్పున గోడలో మూడంగుళాల బెజ్జాలు వేసి, వడపోత గుడ్డ చుట్టిన చిల్లుల పైపులు మట్టిలోకి నాలుగడుగులు తోశారు. వచ్చిన నీళ్లు గోడ పాదాన ఆరంగుళాల కాలువలో పడి రోడ్డు డ్రైన్లోకి పోతాయి. దీనికి ఇవతల నాలుగంగుళాల సందు వదిలి పలచటి ఇటుక గోడ లేపారు, కాలువ కడగడానికి కిటికీలు వదిలారు. దుకాణం లోతు సుమారు అడుగు తగ్గింది, బస్తాలు మాత్రం తడవడం మానేశాయి. ఉప్పు గీత కనిపించే ఆ కొట్టులో గోడ ఇంకా లేపలేదు, బెజ్జాలతో సరిపెట్టారు.

మధ్య అంతస్తు వెనక మాత్రం సరిగ్గా చేశారు. రిటైనింగ్ వాల్ వేరు, భవనం గోడ వేరు, మధ్యలో మూడడుగుల సందు, అడుగున కాలువ. ఆ గోడకి చెమ్మ లేదు. సందు మూడడుగులకి తగ్గకూడదు, మనిషి పారతో దిగి ఆకులూ కవర్లూ ఎత్తగలగాలి. జూన్‌కి ముందు ఒకసారి, సెప్టెంబరు చివర ఇంకోసారి తీయించాలి. రెండోది వదిలేస్తే అక్టోబరు వాయుగుండానికి సందు తొట్టి అవుతుంది.

అసలు మందు ఇంకా పైనుంది. కొండ మీది నీళ్లు గెడ్డలోకి (వాగులోకి) దిగే దారికి అడ్డంగా కట్టిన భవనమిది. వెనక వాలు 1,500 చదరపు మీటర్లు అనుకుంటే, ఒక రోజు 100 మిల్లీమీటర్ల వాన పడి అందులో సగం పారినా 75,000 లీటర్లు. పై వీధి అంచున అడుగున్నర వెడల్పు కాలువ మొదట్లోనే ఉంటే కింద ఇంత తంటా ఉండేది కాదు. మూడేళ్ల తర్వాత వేశారు. దాని పైవాలులో వట్టివేరు వరసలు నాటాక కాలువలోకి మట్టి రావడం బాగా తగ్గింది. గోడ దగ్గర రావి మొలక కనిపిస్తే ఆ రోజే పీకాలి.

వాననీటి తొట్టి విషయంలో వాలుని బాగా వాడుకున్నారు. కప్పు 300 చదరపు మీటర్లు, 100 మిల్లీమీటర్ల వానకి పాతిక వేల లీటర్లు చేతికొస్తాయి. 20,000 లీటర్ల తొట్టి హాలు మట్టంలో పక్కన ఉండటంతో కింది రెండు అంతస్తుల మరుగుదొడ్లకి మోటారు లేకుండానే నీళ్లు దిగుతాయి. కరెంటు లేని తుపాను రోజుల్లో దీని విలువ తెలుస్తుంది. మొదటి వాన మురికి పక్కకి పోయేలా 500 లీటర్ల డ్రమ్ము ఉంది, దాని అడుగు కుళాయి ప్రతి వాన తర్వాతా విప్పాలి. మరుగుదొడ్ల పైపుల్లో ఒక తప్పు దొర్లింది: కింది దుకాణాల దొడ్డి పైపుని పై అంతస్తుల నిలువు పైపులోనే కలిపారు. హాల్లో పెళ్లయిన రోజు కింద మురుగు ఎదురు తన్నేది. విడి పైపుతో నేరుగా మురుగు ఛాంబర్‌కి కలిపాక ఆగింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు కాబట్టి గాలి లెక్క జాగ్రత్తగానే వేశారు. కట్టడాల మీద పడే బలాలకి జాతీయ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం ఇక్కడ గాలి మూల వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. కొండ మీద దానికి ఇంకా కలపాలి. కప్పు, సోలారు కదల్లేదు. సమస్యల్లా ఉప్పుగాలి. సోలారు ఫ్రేముల బోల్టులు మూడో ఏటికి తుప్పుతో బిగుసుకుపోయాయి. ఉప్పుగాలిని తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులకి మార్చాల్సి వచ్చింది. స్తంభాలు ఎం30 రకం కాంక్రీటు, కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరుతో బాగున్నాయి. సన్‌షేడ్‌లకి ఆ శ్రద్ధ లేదు, అంచుల్లో కడ్డీ ఉబ్బి పెచ్చులూడుతోంది.

సాయంత్రం నాలుగయ్యేసరికి వెనక కొండ నీడ పడుతుంది. సోలారుకి నష్టం, హాలుకి లాభం. మెట్లు తిరిగే నిలువు ఖాళీ పైన గాలి పోయే వాలు పలకలు (లూవర్లు) పెట్టడంతో గాలి కింది నుంచి పైకి లాగుతుంది, మే నెలలో ఫ్యాన్లతో గడిచిపోతుంది. కానీ గాలి వచ్చే దారినే పిండిమర చప్పుడూ బజ్జీల నూనె వాసనా చదువుల గదికి చేరతాయి. మర కింద రబ్బరు దిమ్మలు వేస్తే అదురు తగ్గింది, చప్పుడు తగ్గలేదు.

అందరికన్నా ఎక్కువమంది వాడేది, ప్లానులో ఎవరూ పట్టించుకోనిది బయటి మెట్లదారి. కింది రోడ్డు నుంచి పై వీధికి ఊరంతా ఇటే నడుస్తుంది, సాయంత్రం చేపలమ్మే ఆడవాళ్లు దాని మొదటి మలుపులో కూర్చుంటారు. ఈ మెట్ల కింద నింపిన మట్టిని ట్రిప్పర్‌తో పోసి వదిలేశారు. అరడుగు పొరలుగా వేసి తడిపి దిమ్మిస కొట్టలేదు, అందుకే కుంగి రాళ్లు లేచాయి. మళ్లీ పరిచేటప్పుడు ఆ మలుపులో ఒక కుళాయి పెట్టాలి. కడిగిన నీళ్లు పోయే తూము మాత్రం దుకాణాల వెనక్కి కాదు, రోడ్డు వైపుకి.