ధాన్యమా, అప్పా, విత్తనమా: పేద దేశానికి ఏ సాయం మేలు?

1966లో అమెరికా గోధుమల ఓడలు వరసగా మన రేవులకు రాకపోయి ఉంటే బిహార్ కరవు ఎన్ని ప్రాణాలు తీసేదో ఊహించడానికే భయం వేస్తుంది. ఆ ఒక్క ఏడాదే దాదాపు కోటి టన్నుల తిండిగింజలు బయటి నుంచి వచ్చాయి. విదేశీ సాయం మొత్తం దండగ, అది పేద దేశాలను సోమరులను చేస్తుంది అని తేల్చేసేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి మొదటి కారణం ఇదే. అయితే ఆ గోధుమల కోసం దేశం ఎంత తల వంచుకోవాల్సి వచ్చిందో, అదే ఏడాది మెక్సికో నుంచి దిగిన వేరే సరుకు మనను ఆ పరిస్థితి నుంచి ఎలా బయటపడేసిందో చూస్తే, మంచిదా చెడ్డదా అని గంపగుత్తగా అడగడం కుదరదు. సాయాల్లో రకాలున్నాయి. ఇచ్చేవాడు మానేసిన మరుసటి ఏడాది మన దగ్గర ఏం మిగిలింది అన్న ఒక్క లెక్కతో వాటిని తూచి చూస్తాను.

ముందు ధాన్యం. అమెరికా రైతుల దగ్గర పేరుకుపోయిన మిగులు పంటను పరదేశాలకు పంపడానికి 1954లో పీఎల్ 480 చట్టం వచ్చింది. 1956లో భారత్ ఒప్పందం చేసుకుంది. డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లో కడితే చాలు. విదేశీ మారకం కొరతతో సతమతమవుతున్న దేశానికి ఇంతకంటే ఏం కావాలి? బడుల్లో పిల్లలకు అమెరికా గోధుమ రవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు దొరికాయి. ఆ తరంవాళ్లు ఇప్పటికీ ఆ రుచి గురించి చెబుతారు. ఆకలితో బడికి వచ్చిన పిల్లవాడికి ఆ గిన్నెడు ఉప్మా చిన్న విషయం కాదు.

కాని చవక ధాన్యం రేవులో దిగినంత కాలం, సొంత రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వాలన్న తొందర పాలకులకు పెద్దగా కలగలేదు. ధర సిఫార్సు చేసే సంఘం, పంట కొని నిల్వచేసే భారత ఆహార సంస్థ రెండూ 1965లో గాని రాలేదు. ఒప్పందం కుదిరి అప్పటికి దాదాపు తొమ్మిదేళ్లు! ఆ ఏడాదే వానలు మొహం చాటేశాయి. వియత్నాం యుద్ధం గురించి ఢిల్లీ చేస్తున్న విమర్శలు నచ్చని అమెరికా అధ్యక్షుడు జాన్సన్, ధాన్యం ఒప్పందాలను ఏళ్లకు కాకుండా నెలల లెక్కన విడుదల చేయడం మొదలుపెట్టారు. ఓడ వస్తేనే నోట్లోకి ముద్ద వెళ్లే బతుకు అది. 1966 జూన్ 6న ప్రభుత్వం రూపాయి విలువను డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించింది. అలా విలువ తగ్గిస్తే వస్తుందన్న సాయం ఆశించినంతగా రానే లేదు.

పీఎల్ 480 రూపాయల కథ 1974లో ముగిసింది. అమెరికా తన ఖాతాలో పోగుపడిన నిధిలో 1,664 కోట్ల రూపాయలను చెక్కు రాసి భారత ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేసింది. ఆ నిధిలో కొంత 1960లలో మన భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపడానికి ఖర్చయింది. అక్కడి గ్రంథాలయాల్లో ఈనాడు కనిపించే తెలుగు పుస్తకాల్లో చాలావాటికి దారి వేసింది గోధుమల డబ్బే.

ఇప్పుడు విత్తనం. కోటి టన్నుల తిండిగింజలు దిగుమతైన ఆ 1966లోనే వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. లెర్మా రోహో, సొనోరా 64 అనే పొట్టి రకాలు. ఎరువు దండిగా వేసినా కాడ పడిపోదు. ఆ విత్తనాన్ని మనం కొనుక్కున్నాం. అసలు సాయం దాని వెనక ఉన్న పరిశోధన, అమెరికా దాతృత్వ సంస్థ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో ఏళ్ల తరబడి చేసిన పని. ఆ రకాలను మన నేలకు తగినట్టు పరీక్షించి మలిచింది ఎం.ఎస్. స్వామినాథన్ వంటి మన శాస్త్రవేత్తలు. 1964-65లో 1.2 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1970-71 నాటికి 2.38 కోట్ల టన్నులకు చేరింది. 1968లో పంట నిల్వకు చోటు చాలక బడి గదులు సైతం వాడారు.

వరి విషయం మనకు ఇంకా దగ్గరిది. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల నిధులతో 1960లో ఫిలిప్పీన్స్‌లో ఏర్పడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్ 8 రకాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించారు, 'మిస్టర్ ఐఆర్ 8' అని పేరే తెచ్చుకున్నారు. దిగుబడి అమోఘం, అన్నం మాత్రం బాగుండేది కాదు. మరలో బియ్యం విరిగేది, వండాక చల్లారితే గట్టిపడేది. మనవాళ్లు అక్కడ ఆగకపోవడమే ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణను, బాపట్ల కేంద్రం 1986లో సాంబ మసూరిని రైతులకు ఇచ్చాయి. సాంబ మసూరి వంశం చూడండి: ఒకవైపు మన పాత దక్షిణాది రకం జీఈబీ 24, మరోవైపు తైవాన్ నుంచి వచ్చిన పొట్టి వరి, ఇంకోవైపు ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేయించిన సంకరణాల నుంచి మలేసియాలో ఎంపికైన మసూరి. మనం రోజూ తినే అన్నంలో మూడు దేశాల శ్రమ ఉంది, కాని దానికోసం ఇప్పుడు ఎవరి ముందూ చేయి చాపనక్కర్లేదు.

మరి ధాన్యం వచ్చి, సొంత పంటకు రక్షణ పోతే ఏమవుతుంది? కరీబియన్ దేశం హైతీని చూడాలి. 1980ల తొలినాళ్ల వరకు ఆ దేశం తనకు కావలసిన బియ్యం చాలావరకు ఆర్టిబొనైట్ లోయలో పండించుకునేది. రుణదాతల ఒత్తిడితో 1995లో దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించేసింది. అమెరికా ప్రభుత్వ రాయితీలతో పండిన బియ్యం ముంచెత్తింది. అక్కడి జనం దాన్ని 'మయామీ బియ్యం' అంటారు. 2010 జనవరి భూకంపం తర్వాత ఉచిత బియ్యం కూడా తోడైంది. కొన్ని వారాలకే అధ్యక్షుడు ప్రెవాల్ వాషింగ్టన్ వెళ్లి, ఇక తిండి పంపడం ఆపి మా రైతులను నిలబెట్టండి అని కోరాల్సి వచ్చింది. ఆ మార్చిలోనే అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్, ఈ విధానం తన సొంత రాష్ట్రం ఆర్కన్సా రైతులకు పనికొచ్చిందేమో గాని హైతీకి పనిచేయలేదని, అది తప్పేనని సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నారు. నేడు హైతీ తినే బియ్యంలో సుమారు 80 శాతం దిగుమతే. భూమి, నీరు, పండించే చేతులు ఉన్న లోయకు ఈ గతి పట్టించిన దాన్ని సాయం అనడానికి నాకు మనసొప్పదు.

షరతుల అప్పు గురించి తెలుగువారికి పెద్దగా చెప్పనక్కర్లేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. విద్యుత్ బోర్డును విడగొట్టారు, చార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఆందోళనకారులపై పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. బోర్డు నష్టాల్లో ఉన్న మాట నిజమే, సంస్కరణ అవసరమూ నిజమే. కాని చార్జీ ఎంతన్నది ఓటరుకూ ప్రభుత్వానికీ మధ్య తేలాల్సిన విషయం. రుణపత్రంలో ముందే రాసి ఉంటే జనం ఎవరిని నిలదీయాలి? 2004లో ఎన్నికల తర్వాత రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చేసింది.

నేరుగా చేతికి డబ్బు ఇవ్వడం నాలుగో దారి. కెన్యాలోని సియాయా ప్రాంతంలో 10,500 కుటుంబాలకు తలా సుమారు 1,000 డాలర్లు ఇచ్చి ఫలితాలు కొలిచారు. ఒక్కో డాలరు స్థానికంగా దాదాపు రెండున్నర డాలర్ల లావాదేవీలు పుట్టించింది. డబ్బు అందని ఇరుగుపొరుగు కుటుంబాలూ బాగుపడ్డాయి, ధరలు దాదాపు పెరగలేదు. ధాన్యంతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే పక్క ఊరి రైతు సరుకే అమ్ముడుపోతుంది. కాని ఎంత డబ్బిచ్చినా ఒక కుటుంబం పొట్టి వరిని పుట్టించలేదు, టీకా తయారుచేయలేదు.

టీకాలు, మందులు విత్తనం కోవకే చెందుతాయి. మశూచిపై 1967లో మొదలైన ఉధృత ప్రచారం 1980 నాటికి ఆ వ్యాధినే భూమి మీద లేకుండా చేసింది. ఒకసారి పోయింది, మళ్లీ ఖర్చు లేదు. హెచ్ఐవీ మందుల సంగతి అలా కాదు, రోజూ వేసుకోవాలి. అమెరికా డబ్బుతో ఆఫ్రికాలో లక్షలాది ప్రాణాలు నిలిచాయి. 2025లో ఆ దేశం తన విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేయగానే ఎన్నో దేశాల్లో వైద్య కార్యక్రమాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. రోజువారీ వైద్యానికి పరాయి ఖజానా ఒక్కటే ఆధారమైతే జరిగేది ఇదే. దీన్ని చూపి సాయం వద్దనడం అన్యాయం. మందుల తయారీ, ఆసుపత్రుల ఖర్చు ఏటా కొంచెం కొంచెంగా ఆ దేశాల బడ్జెట్లలోకి మారేలా మొదటి రోజే ఒప్పందం రాసుకోవాలన్నది నా వాదన.

కాబట్టి నా వరస ఇది: పరిశోధన, టీకా ముందు, చేతికి డబ్బు తర్వాత, షరతుల అప్పు చివర. ధాన్యానికి ఈ వరసలో చోటు లేదు, ఒక్క విపత్తులో తప్ప. ఆకలితో ఉన్నవాడికి విత్తనం ఇస్తాం ఆగమనలేం. అప్పుడు కూడా ఆ ధాన్యం ఎక్కడ కొన్నారన్నదే తేల్చే విషయం. అమెరికా తిండి సాయంలో కనీసం సగం తమ జెండా ఓడల్లోనే పంపాలన్న నిబంధన పెట్టుకుంది. ఆ రవాణాకు పోసే డబ్బుతో ఆర్టిబొనైట్ రైతుల బియ్యం కొని హైతీ బడి పిల్లలకు వండిపెట్టవచ్చు. ప్రపంచ ఆహార కార్యక్రమం అక్కడ కొన్ని బళ్లలో ఆ పని చేస్తూనే ఉంది. మిగతా దాతలూ ఓడల కిరాయి ఆపి ఆ కొనుగోళ్లకు నిధులివ్వాలి.