ఇంగ్లీష్ మీడియంలోకి మారిన తరగతికి ఫెట్ సర్క్యూట్ కిట్ ఎంతవరకు ఉపయోగం?

చిన్న తరగతులు తెలుగులో చదివి, ఉన్నత పాఠశాలకు వచ్చాక ఇంగ్లీష్ మీడియంలోకి మారిన పిల్లలకు విద్యుత్ పాఠం చెప్పేటప్పుడు ఎదురయ్యే అసలు ఇబ్బంది ఓమ్ నియమంతో కాదు, ఆ నియమాన్ని ఇంకా పట్టుబడని భాషలో చదివి అదే భాషలో జవాబు రాయవలసి రావడంతో. ఈ ఇబ్బందిని తగ్గించగలదా అన్న దృష్టితోనే ఫెట్ సిమ్యులేషన్లలోని (కంప్యూటర్ తెరపై చేసే నమూనా ప్రయోగాలలోని) 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ'ని సమీక్షిస్తున్నాను. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో ఈ ప్రాజెక్టును ప్రారంభించారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణం నుంచి నడుస్తున్న ఈ సిమ్యులేషన్లను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

దీనిలో మొదట నచ్చేది తెరపై రాత చాలా తక్కువగా ఉండడం. వైర్, బ్యాటరీ, బల్బ్, స్విచ్ మన ఇళ్లలో రోజూ వినిపించే మాటలే కాబట్టి, రెసిస్టర్ లాంటి ఒకటి రెండు మాటలు తప్ప కొత్తవేవీ అడ్డురావు. ఇంగ్లీష్ పేరా చదివి అర్థం చేసుకునే పని లేకుండానే విద్యార్థి వలయం కట్టడం మొదలుపెడతాడు. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బును కలిపితే అమ్మీటరు 0.90 ఆంపియర్లు చూపుతుంది. అలాంటిదే మరో బల్బును శ్రేణిలో చేర్చగానే విద్యుత్ ప్రవాహం 0.45కి పడిపోయి రెండు బల్బులూ మసకబారతాయి. బ్యాటరీ కొనలను ఒట్టి వైరుతో కలిపితే తెరపై మంటలు లేస్తాయి. ఆ మంటల కోసమే వెనక బెంచీవాళ్లు కూడా ముందుకు వస్తారన్నది వేరే సంగతి.

అయితే ఈ పరికరం మాట్లాడుకోవడానికి ఒక విషయాన్ని ఇస్తుందే తప్ప పిల్లల చేత మాట్లాడించదు. ఆ పని ఉపాధ్యాయునిదే. స్విచ్ వేయడానికి ముందే ఏం జరుగుతుందో ఊహించమని, ఎందుకో తెలుగులోనే వాదించుకోమని చెప్పి, ఆ తరువాత "ఇఫ్ వి యాడ్ అనదర్ బల్బ్ ఇన్ సిరీస్, ది కరెంట్ విల్ డిక్రీజ్ బికాజ్..." అని బోర్డు మీద రాసి మిగిలినది పూరించమంటే, ఖాళీ కాగితం ముందు బిగుసుకుపోయే పిల్లలు కూడా కలం కదుపుతారు. సమాంతర సంధానానికి వచ్చేసరికి చర్చ మరింత రసవత్తరమవుతుంది. ఒక్క బల్బు ఉన్నప్పటితో పోలిస్తే ప్రవాహం 1.80కి పెరిగిందని అమ్మీటరు చెబుతున్నా బల్బు వెలుగు మారదు. "బల్బులు అలాగే ఉన్నాయి కదా సార్, కరెంట్ ఎక్కడ పెరిగింది?" అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. అమ్మీటరును ప్రధాన మార్గం నుంచి ఒక శాఖలోకి జరిపితే మళ్లీ 0.90 కనిపిస్తుంది, "టోటల్ కరెంట్", "కరెంట్ త్రూ ఈచ్ బల్బ్" అన్న తేడా లేకుండా వాక్యం నిలవదని విద్యార్థికి అప్పుడు దానంతటదే తెలుస్తుంది. ఇంగ్లీష్ నేర్పడానికి ఇంతకంటే మంచి సందర్భం వ్యాకరణ పుస్తకంలో దొరకదని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. తెర మీద ఎలక్ట్రాన్లు కంటికి కనిపించే వేగంతో పరుగెడతాయి. నిజమైన తీగలో వాటి అపసర వేగం (అవి తీగ వెంట మొత్తంగా ముందుకు జరిగే వేగం) సాధారణంగా సెకనుకు మిల్లీమీటరులో చిన్న భాగమే కాబట్టి, ఆ మాట చెప్పకపోతే తప్పుడు భావన స్థిరపడుతుంది. విద్యుత్ బంధకాన్ని పరీక్షించడానికి ఇచ్చిన డాలర్ నోటు మన పిల్లలకు పరాయిది. తరగతి గదిలోని ఒక్క ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) మీద వాడితే ఒకరిద్దరు తాకుతారు, మిగిలినవారు చూస్తూ కూర్చుంటారు. అందుకు బదులు ఒకే ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకుని ల్యాబ్ కంప్యూటర్లలోకి ఎక్కిస్తే నెట్ లేకుండానే జట్లుగా చేయించవచ్చు. వందకు పైగా భాషల్లో అందే ఈ సిమ్యులేషన్లలో స్వచ్ఛంద అనువాదకుల శ్రమతో తెలుగులోకి వచ్చినవీ ఉన్నాయి. వాటిని వాడేవారు అందులోని పదాలను పాఠ్యపుస్తకంలోని పదాలతో ముందే సరిచూసుకోవడం మంచిది.

ఎనిమిది నుంచి పది తరగతుల ఉపాధ్యాయులందరికీ దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, ఒక్క షరతుతో: అదే వలయాన్ని మరుసటి పీరియడులో టార్చి సెల్లు, చిన్న బల్బులతో కూడా కట్టించాలి, ఎందుకంటే ఈ కిట్‌లో వదులు కనెక్షన్ అనేది ఉండదు.