తొమ్మిదేళ్ల నవారు: మా బడిలో వాడిన కాలరేఖపై సమీక్ష

కృష్ణా డెల్టాలో భట్టిప్రోలుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో నేను మూడు, నాలుగు, ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం బోధిస్తున్నాను. ఈ తరగతుల్లో చరిత్ర ప్రత్యేక పాఠ్యాంశం కాదు. మన కుటుంబం, మన ఊరు, పాత కట్టడాలు అన్న పాఠాల మధ్య అక్కడక్కడా తొంగిచూస్తుంది. అయినా పిల్లలకు గతం గురించిన ఊహ ఈ వయసులోనే ఏర్పడుతుంది, తప్పుగా ఏర్పడినా ఆ తప్పు చాలాకాలం నిలుస్తుంది. "రుద్రమదేవిని మా నాయనమ్మ చూసిందా టీచర్?" అని ఒక నాలుగో తరగతి పాప అడిగిన రోజున, నేను అప్పటిదాకా చెప్పిన సంవత్సరాలన్నీ ఆ పాప చెవికి శబ్దాలుగా మాత్రమే చేరాయని నాకు అర్థమైంది. ఆ ప్రశ్న వల్లనే 2016లో ఈ కాలరేఖ మొదలైంది. ఇప్పుడు 2025; తొమ్మిదేళ్ల వాడకం తర్వాత దాని మంచిచెడ్డలు రాస్తున్నాను.

సాధనం చాలా సాదాది. మంచానికి అల్లే నవారు ఇరవై అయిదు మీటర్లు తీసుకుని, ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున కొలిచి గుర్తులు పెట్టడమే పని. తొమ్మిదేళ్ల పిల్లవాడి బతుకంతా తొమ్మిది సెంటీమీటర్లు, అంటే వాడి అరచేయంత కూడా ఉండదు. 1947 డెబ్బై ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. చార్మినారు కట్టిన 1591 నాలుగు మీటర్లు దాటాక కనిపిస్తుంది. రుద్రమదేవి మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది కనుక ఆమె దగ్గరికి చేరాలంటే ఏడు మీటర్లకు పైగా నడవాలి. నాయనమ్మ వయసంత నవారు ముక్కను చేతబట్టుకుని ఆ ఏడు మీటర్లూ నడిచిన పిల్లలెవరూ తర్వాత ఆ ప్రశ్న అడగలేదు.

మొదటి ఏడాది కొబ్బరితాడుతో ముడులు వేసి చేశాను. అది పొరపాటు. ప్రతి ముడీ కొంత తాడును మింగుతుంది కనుక ఇరవై ముడులు పడేసరికి కొలత పూర్తిగా తప్పిపోయింది. పైగా వానాకాలంలో తాడు బిగిసేది, ఎండాకాలంలో సాగేది. తర్వాత నైలాన్ తాడు తెచ్చాను, దాని మీద ఏ రాతా నిలవలేదు. నవారు బల్లపరుపుగా ఉంటుంది, రాయవచ్చు, కుట్టవచ్చు, చాపలా చుట్టి బీరువాలో పెట్టవచ్చు. నూలు నవారు మాత్రం మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నేను గుర్తులన్నీ వేశాక ఉతికాను, మీటరుకు మూడు సెంటీమీటర్ల దాకా తగ్గింది, మళ్లీ అంతా కొలవవలసి వచ్చింది. చేయదలచినవారు ముందుగా నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాతే కొలవాలి. మార్కరు రాత ఒక్క సంవత్సరంలోనే వెలిసిపోయింది కనుక ఇప్పుడు గుర్తులన్నీ రంగుదారంతో కుట్టినవే. మొత్తం మీద నాకైన ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు.

దుకాణంలో కొన్న ఫ్లెక్సీ పటం కూడా మా గోడ మీద ఉంది. అందులో శాతవాహనుల నుంచి నేటి దాకా ప్రతి రాజవంశానికీ ఒకే కొలత గల పెట్టె, ఒక బొమ్మ ఉన్నాయి. బొమ్మలు అందంగానే ఉన్నాయి కానీ, నాలుగైదు వందల ఏళ్లకూ నలభై ఏళ్లకూ ఒకే చోటు ఇచ్చిన పటం చూసి పిల్లలు కాలాన్ని మెట్ల వరుసగా ఊహించుకుంటారు. చిన్నపిల్లలకు దూరం తెలియాలి, అది కాళ్లకు తెలియాలి. ఈ విషయంలో నవారుకు సాటి వచ్చే సాధనాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

వాడకంలో నాకు అత్యంత విలువైనదిగా తోచినది మొదటి రెండు మీటర్లు. ప్రతి జూన్‌లో బడి తెరిచాక పిల్లలే కొత్త సెంటీమీటరు గీసి, తమ పుట్టిన సంవత్సరం దగ్గర బట్టల క్లిప్పు పెడతారు. అక్కడి నుంచి అమ్మా నాన్నల పుట్టుక, ఆ తర్వాత తాతలది. ఒక పిల్లవాడు తన తాతను అడిగి, ఆయన నందన నామ సంవత్సరంలో పుట్టాడని చెప్పాడు. ఏ నందన? తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కనుక నవారు మీద అరవై సెంటీమీటర్లకొక నందన ఉంటుంది: 2012, 1952, 1892, 1832. నాలుగు చోట్లా క్లిప్పులు పెట్టి, తాతగారు వీటిలో ఎక్కడ సరిపోతారో తేల్చమన్నాను. మొదటిది తమ అన్నల వయసని, మూడోదైతే ఆయనకు నూట ముప్ఫై దాటాలని వాళ్లే వాదించుకుని 1952 దగ్గర ఆగారు. ఆధారాన్ని సరిచూసుకోవడమంటే ఇదేనని నేను వేరుగా చెప్పవలసిన అవసరం రాలేదు.

నాలుగో క్లిప్పు మమ్మల్ని మరో పాఠానికి తీసుకెళ్లింది. 1832–33లో గుంటూరు సీమను నాశనం చేసిన కరువును నందన కరువనీ డొక్కల కరువనీ అంటారు. అక్కడి నుంచి ఇరవై సెంటీమీటర్లు ఇవతలకు వస్తే బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పని మొదలైన 1852, దానికి మూడు సెంటీమీటర్లు ఇవతల అది పూర్తయిన 1855 ఉన్నాయి. బడి పక్కన పారే కాలువకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో పిల్లలకు తెలుసు, ఎందుకు తవ్వారో తెలియదు. కరువు గుర్తునూ ఆనకట్ట గుర్తునూ ఎర్రదారంతో కలిపి కుట్టాం. ఇక్కడ సాధనం లోపం కూడా చెప్పాలి. నవారు ఎప్పుడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ ఎర్రదారం ఉపాధ్యాయుడు కుట్టాల్సిందే. కథ చెప్పకుండా నవారును పరిచి గుర్తులు చదివిస్తే అది పొడవాటి ఎక్కాల పుస్తకం అవుతుంది. మొదటి రెండేళ్లూ నేను చాలావరకు చేసింది అదే.

రెండో లోపం నాకు ఎక్కువ బాధ కలిగించింది. మోటుపల్లి రేవులో గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చిన శాసనం 1244 నాటిది. తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది. మా నవారు మీద ఈ రెండింటి మధ్య ఆరున్నర మీటర్లు ఖాళీగా ఉండేది. "అప్పుడు మనుషులు లేరా?" అని ఒకడు అడిగాడు. వేంగి చాళుక్యుల పేర్లు, రాజరాజనరేంద్రుడి కొలువు చేర్చి ఆ ఖాళీని నింపబోయాను కానీ, రాజులను పెంచితే ప్రశ్నకు జవాబు రాదని తర్వాత తోచింది. చివరికి నవారు పొడవునా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, సన్నని ఆకుపచ్చ దారం కుట్టించాను. దుక్కి దున్నినవాళ్లు, వలలు వేసినవాళ్లు, కుండలు చేసినవాళ్లు ప్రతి సెంటీమీటరులోనూ ఉన్నారని ఆ దారం గుర్తు. గుర్తుల సంఖ్యను పన్నెండుకు మించనివ్వకూడదని కూడా అప్పుడే నియమం పెట్టుకున్నాను.

మా వరండా పదిహేను మీటర్లు కనుక అంతకు ముందు కాలం కోసం నవారు మెట్లు దిగి వేపచెట్టు దాకా వెళుతుంది. క్రీస్తుపూర్వం మొదలయ్యేచోట ఒక ఇత్తడి రింగు కుట్టాం. అక్కడి నుంచి అంకెలు ఎదురు పెరుగుతాయన్నది ఐదో తరగతికి కూడా కష్టమే. భట్టిప్రోలు స్తూపం చోటు ఇరవై రెండు మీటర్లు దాటాక వస్తుంది. పిల్లలను తీసుకెళ్లి స్తూపం దిబ్బను చూపించి, 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వితే రాతి పేటికలు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయని చెప్పాను. అంతకు ముందే స్తూపం ఇటుకలనూ రాళ్లనూ రోడ్లకు, కాలువ కట్టడాలకు తీసుకుపోయారని చెప్పినప్పుడు ఒక పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. మన కాలువల పనికోసమే మన పాత గుడిని విప్పారా అని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు తేలికైన జవాబు లేదు, అవునని మాత్రమే చెప్పాను.

ఒక హెచ్చరిక తప్పక చేయాలి. నలభై ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తు ఉంది. మా ప్రాంతంలో ఆ రోజును చూసినవాళ్లు ఇంకా ఉన్నారు కనుక, ఇంటికి వెళ్లి పెద్దలను అడిగి రాసుకురమ్మని పిల్లలకు పని ఇచ్చాను. మర్నాడు ఒక నాయనమ్మ స్వయంగా బడికి వచ్చింది. ఆ నీళ్లలో పోయిన తన చెల్లెలి గురించి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని ఆమెను మనవడు రాత్రంతా అడుగుతూ కూర్చున్నాడట. ఆమె నన్ను నిందించలేదు. ఏడ్చి, కూర్చుని, పిల్లలకు తానే చెప్పి వెళ్లింది. అయినా అది నా తప్పు. ఇప్పుడు ముందుగా ఇళ్లకు వెళ్లి, చెప్పడానికి ఇష్టపడే పెద్దలను నేనే అడిగి, బడికి పిలుస్తున్నాను.

తరగతిని బట్టి వాడకం మారాలి. వెయ్యి దాకా అంకెలు కుదురుకోని మూడో తరగతికి మొదటి మీటరు చాలు. నాలుగో తరగతికి అయిదు మీటర్లు. మొత్తం నవారు ఐదో తరగతిలోనే విప్పుతాను. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు మా స్థానిక గుర్తులు అంటవు కనుక వాళ్ల ఊళ్ల గుర్తులు రెండు చేర్చుకునే చోటు వదలాలి. ఇరవై మందికి మించిన తరగతిలో సగం మంది నడుస్తుంటే మిగతా సగం ఆటలో పడతారు, రెండు జట్లుగా చేయక తప్పదు.

ఈ మధ్య నేటి కొస దగ్గర గుడ్డ బాగా నలిగింది, ఎందుకంటే అందరి చేతులూ పడేది అక్కడే. ఆ మీటరును విప్పి కొత్త ముక్క అతికించాలి. 2020 దగ్గర, బడి మూతపడ్డ కాలానికి అప్పటి పిల్లలు నల్లదారంతో కుట్టిన తాళంకప్ప బొమ్మను మాత్రం కత్తిరించి, కొత్త ముక్క మీద అదే చోట కుడతాను.