పాటలన్నీ డోర్స్‌వే అని రాసుంది, మరి రాసింది ఎవరు?

అమెరికన్ రాక్ బ్యాండ్ ది డోర్స్ మొదటి ఆల్బమ్‌కి 50 ఏళ్లు నిండినప్పుడు, 2017లో తెచ్చిన బాక్స్ సెట్ కొన్నాను. మూడు సీడీలు, ఒక ఎల్పీ. పాటలన్నీ ఎప్పుడో కంఠతా వచ్చేశాయి, కొన్నది మోనో మిక్స్ (వాయిద్యాలన్నీ ఒకే ఛానల్‌లో కలిపినది) కోసమే. కానీ తెరిచిన రోజు నుంచి నన్ను పట్టుకుని వదలనిది సౌండ్ కాదు, క్రెడిట్స్. ఆల్బమ్‌లో 11 పాటలుంటే తొమ్మిదింటికి రచన "ది డోర్స్" అనే ఉంటుంది. మిగతా రెండూ బయటివాళ్ల పాటలు.

మనకి ఏ పాట విన్నా సాహిత్యం ఎవరు, సంగీతం ఎవరు అని అడగడం అలవాటు కదా. ఇక్కడ నలుగురికీ కలిపి ఒకటే పేరు. కవర్ చూస్తేనేమో గాయకుడు జిమ్ మోరిసన్ ముఖం ఇంత పెద్దగా, ఆర్గాన్ వాయించే రే మాంజరెక్, గిటార్ రాబీ క్రీగర్, డ్రమ్స్ జాన్ డెన్స్‌మోర్ చిన్నగా. అట్ట ఒక మాట చెబుతుంది, క్రెడిట్స్ ఇంకో మాట చెబుతాయి. చాలామంది అట్టనే నమ్మారు. ఈ పాటలన్నీ మోరిసన్ రాసినవే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

'లైట్ మై ఫైర్' సంగతే చూడండి. ఇది క్రీగర్ పాట. బ్యాండ్‌కి పాటలు సరిపోవట్లేదు, మీరూ రాసుకురండి అని మోరిసన్ అడిగితే తెచ్చిన పాట. ఎప్పటికీ పాతబడని విషయం మీద రాయాలని నేల, నీరు, గాలి, నిప్పు అనుకుని, వాటిలో నిప్పును తీసుకున్నాడు. మొదటి చరణం, పల్లవి ఆయనవి. రెండో చరణం మోరిసన్‌ది, అంత తేలిగ్గా సాగే ప్రేమపాటలోకి చితిని తెచ్చింది ఆయనే. మొదట్లో గిర్రున తిరుగుతూ దిగే ఆ ఆర్గాన్ ముక్క, జర్మన్ స్వరకర్త బాఖ్ ఛాయలున్నది, మాంజరెక్ కట్టాడు. మధ్యలో రెండే రెండు కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మీద ముందు ఆర్గాన్, తర్వాత గిటార్ అంతసేపు సాగుతాయే, అది వీళ్లు జాన్ కోల్ట్రేన్ జాజ్ వినివిని తెచ్చుకున్న పద్ధతి. కింద డెన్స్‌మోర్ చరణానికి ఒక నడక, పల్లవికి ఇంకో నడక వాయిస్తుంటాడు.

మామూలు లెక్కలో అయితే మాటలు, ట్యూన్ ఎవరివో వాళ్లే రచయితలు. ఆర్గాన్ ముక్క, డ్రమ్ నడక, సోలోలు అన్నీ "అరేంజ్‌మెంట్" కిందకి పోతాయి, వాటికి రచయిత రాయల్టీ రాదు. ఆ లెక్కన ఈ పాట డబ్బులు ఎక్కువ క్రీగర్‌కి, కొంచెం మోరిసన్‌కి వెళ్లాలి, మాంజరెక్‌కి సున్నా, డెన్స్‌మోర్‌కి సున్నా. ఆ ఆర్గాన్ లేకుండా ఈ పాటని ఒక్కసారి ఊహించుకోండి! రేడియో కోసం సోలోలు దాదాపు మొత్తం కోసేసి, ఏడు నిమిషాల పాటని మూడు నిమిషాల లోపుకి కుదించి సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, వదిలితే అదే 1967 జులైలో అమెరికాలో నంబర్ వన్ అయింది. సోలోలు పోయినా ఆ మొదటి ఆర్గాన్ ముక్క మాత్రం ఉంది. అది వినపడగానే పాట ఏదో ఎవరైనా చెప్పేస్తారు.

నలుగురికీ సమానంగా పంచుదామన్నది మోరిసనే అని డెన్స్‌మోర్ చాలాసార్లు చెప్పాడు. మోరిసన్‌కి ఏ వాయిద్యమూ రాదు, కార్డ్‌ల పేర్లు తెలియవు. తలలో ట్యూన్ ఉంటుంది, పాడి వినిపిస్తాడు, దాన్ని పాటగా నిలబెట్టేది మిగతా ముగ్గురు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. డబ్బులే కాదు, నిర్ణయాలూ అంతే, ఏ ఒక్కరు వద్దన్నా ఆగిపోవాల్సిందే. నాకు ఈ బ్యాండ్ మీద ఇంత అభిమానం ఉండటానికి పాటలతో పాటు ఇదీ ఒక కారణం. 1968లో బ్యూక్ కార్ల యాడ్‌కి 'లైట్ మై ఫైర్' అడిగితే, మోరిసన్ అందుబాటులో లేనప్పుడు మిగతా ముగ్గురూ సరే అనేశారు. అసలు పాట కట్టిన క్రీగర్ కూడా ఒప్పుకున్నాడు. మోరిసన్ తిరిగొచ్చి మండిపడ్డాడు, యాడ్ ఆగిపోయింది. ఒక్క చరణం రాసిన మనిషికి అంత హక్కు ఎలా వచ్చింది అంటే, క్రెడిట్‌లో "ది డోర్స్" అని ఉంది కాబట్టే.

మిగతా పాటల్లో ఈ నలుగురి వాటాలు వెతుక్కుంటూ వింటే ఆల్బమ్ కొత్తగా వినిపిస్తుంది. 'బ్రేక్ ఆన్ త్రూ' మాటలు మోరిసన్‌వి, కానీ పాట మొదలయ్యేది డెన్స్‌మోర్ బ్రెజిల్ బోసా నోవా నడకతో, దాని మీదకి మాంజరెక్ ఎడమచేత్తో కీబోర్డ్ మీద బేస్ వాయిస్తూ వస్తాడు. 'ది ఎండ్' 11 నిమిషాలు దాటే పాట, స్టేజీ మీద పాడుతూ పాడుతూ పెరిగింది, అందులో క్రీగర్ గిటార్ మన రాగం ఆలాపనలా నిదానంగా తిరుగుతుంటుంది. దాన్ని ఏ ఒక్కరి పేరు మీదో రాస్తే నాకు అన్యాయంగానే అనిపించేది.

అయితే ఇంత న్యాయంగా పంచుకున్న ఆల్బమ్‌లోనే కొందరి పేర్లు జారిపోయాయి, అది నన్ను బాధపెడుతుంది. 'బ్యాక్ డోర్ మ్యాన్' బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పాట, బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ పాడినది, దానికి డిక్సన్ పేరుంది, బాగుంది. 'అలబామా సాంగ్' జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్, స్వరకర్త కుర్ట్ వైల్‌ల పేరు మీద ఉంటుంది. కానీ ఆ ఇంగ్లిష్ మాటలు బ్రెహ్ట్‌తో కలిసి పనిచేసిన ఎలిజబెత్ హౌప్ట్‌మన్‌వని చెబుతారు. ఆమె పేరు ఎవరూ తలవరు. 'ఎండ్ ఆఫ్ ద నైట్'లో పుట్టుకతోనే కొందరికి సుఖం, కొందరికి అంతులేని రాత్రి అనే అర్థం వచ్చే లైన్లున్నాయే, అవి కవి విలియం బ్లేక్‌వి, క్రెడిట్ మాత్రం డోర్స్‌కే. ఎప్పుడో పోయిన కవి కాబట్టి కాపీరైట్ గొడవ లేదు, నిజమే, కానీ ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? 'లైట్ మై ఫైర్'కి బేస్ గిటార్ వాయించిన లారీ నెక్టెల్ పేరు కూడా 1967 ఎల్పీ మీద లేదు. ఆయన రచయిత కాదు, స్టూడియోకి వచ్చి వాయించి వెళ్లిన మనిషి, అయినా ఆ పాట అడుగున మోగుతున్నది ఆయనే.

ఈ పంపకం కూడా ఎల్లకాలం నిలవలేదు. 1969లో 'ద సాఫ్ట్ పరేడ్' వచ్చేసరికి ఎవరి పాటకి వాళ్ల పేరే వేశారు. క్రీగర్ రాసిన ఒక పాటలో తుపాకులు పట్టుకోండి అనే మాట ఉంది, అది తను రాశానని జనం అనుకోవడం మోరిసన్‌కి ఇష్టం లేకపోయింది. 1971లో 'ఎల్.ఎ. ఉమన్'కి మళ్లీ అందరికీ కలిపి ఒకే పేరుకి వచ్చేశారు.

ఇక బాక్స్ సంగతి. మోనో మిక్స్ దగ్గరగా, గట్టిగా తగులుతుంది. స్టీరియోలో అటూ ఇటూ విడిపోయే వాయిద్యాలు ఇందులో ఒక్క ముద్దగా మీదకొస్తాయి, 'సోల్ కిచెన్' అయితే నాకు ఇక మోనోలోనే కావాలి. మూడో సీడీ 1967 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలోని మ్యాట్రిక్స్ క్లబ్‌లో వాయించినది. 'లైట్ మై ఫైర్' ఇంకా హిట్ కాలేదు, జనం చప్పట్లు కూడా అంతంతమాత్రమే. స్టూడియో క్లారిటీ ఆశించి వింటే నిరాశే, పాటల్లో ఎవరి పని ఎంతో తెలియాలంటే మాత్రం ఈ డిస్కే వినాలి. ఇప్పటికే మంచి స్టీరియో సీడీ ఉన్నవాళ్లకి, మోనో మీద ఆసక్తి లేకపోతే, ఇంత పెద్ద సెట్ అక్కర్లేదు. కొత్తగా వినేవాళ్లు మామూలు ఒక్క సీడీ ఉన్నదానితో మొదలుపెట్టండి, ఆల్బమ్‌కి 40 ఏళ్లప్పుడు చేసిన మిక్స్ దొరికితే ఇంకా మంచిది, పాత స్టీరియోలో 'లైట్ మై ఫైర్' కొద్దిగా నెమ్మదించి దాదాపు అర స్వరం కిందకి దిగి ఉండేది, దాన్ని అందులో సరిచేశారు.

నేను వాడే స్ట్రీమింగ్ యాప్‌లో 'లైట్ మై ఫైర్' క్రెడిట్స్ నొక్కితే మొన్నటిదాకా మోరిసన్ ఒక్కడి పేరే చూపించింది. తప్పని రాసి పంపాను. రెండుసార్లు పంపాను.